చిల్లిగవ్వలే ఏరుకోండి

శ్రీకాకుళం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"ఏటా కార్తీకమాసంలో వనభోజనాలకు మేం కళింగపట్నం వెళ్తాం. మా పాప ఏడో తరగతి చదువుతోంది. దానికి ఊహ తెలిసినప్పటినుంచీ ఒడ్డున గవ్వలు, చిప్పలు ఏరడమంటే ప్రాణం. ఇప్పటికి మూడు హార్లిక్స్ సీసాలు నిండాయి. మొన్న స్కూల్లో సైన్సు టీచరు 'గవ్వలు ఏరితే సముద్రం చచ్చిపోతుంది' అన్నారట. ఆ రోజు నుంచీ పాప సరిగ్గా అన్నం తినడం లేదు. 'అమ్మా, నేను దొంగతనం చేశానా?' అని అడుగుతోంది. మా అత్తగారేమో 'గుంట నాలుగు గవ్వలేరితే సముద్రం ఎండిపోతాదేటి!' అని కొట్టిపారేస్తున్నారు. మా ఆడపడుచుది ఇంకో ఆలోచన. ఈ సీసాల్లోవి తీసి, ఇంకొన్ని కొని, గవ్వల తెరలూ అద్దాల ఫ్రేములూ చేసి అమ్ముదామంటోంది. ఇవి కాక మావారు అండమాన్ నుంచి తెచ్చిన ఒక పెద్ద శంఖం, తెల్లటి పగడపు ముక్క షోకేసులో ఉన్నాయి. ఇందులో ఎవరి మాట నిజం? ఉన్నవన్నీ తీసుకెళ్ళి మళ్ళీ సముద్రంలో పోసేయాలా?"

అమ్మా, ముందు పాప సంగతి చూడండి. ఇవాళే దగ్గర కూచోబెట్టుకుని, నువ్వు దొంగవి కావని చెప్పండి. ఖాళీ చిప్పను చేతిలోకి తీసుకుని లోపలి రంగు చూసి ముచ్చటపడ్డ పిల్ల తప్పేం చేసింది? నేను ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను. అసలు ఆ చదువులోకి వెళ్ళిందే చిన్నప్పుడు కోనాడ ఒడ్డున జేబులు నింపుకోవడం వల్ల. మా అమ్మమ్మగారి ఊరు అక్కడికి దగ్గర. చంపావతి సముద్రంలో కలిసేచోట సాయంత్రం దాకా తిరిగి, చొక్కా తడిసి, జేబులో ఇసుకతో ఇంటికొచ్చి తిట్లు తినడం సెలవుల్లో నా దినచర్య. కాబట్టి ఈ నేరంలో పాపకంటే ముందు ముద్దాయిని నేను.

టీచరుగారి మాటలో నిజం లేకపోలేదు, చెప్పడంలో కారం ఎక్కువైంది. అత్తగారి మాటలోనూ నిజం లేకపోలేదు, ఆవిడ చూపు సముద్రం మీదే ఉంది, ఒడ్డు మీద లేదు.

ఒడ్డు ఎందుకంటున్నానంటే, సముద్రం ఎంత పెద్దదైనా గవ్వలు దానంతటా సమానంగా పరుచుకుని ఉండవు. మనం ఏరే చిప్పల్లో, శంఖాల్లో ఉండే జీవులు చాలావరకు తీరానికి దగ్గరగా, లోతు తక్కువున్న చోటనే బతుకుతాయి. అవి చచ్చాక గుల్లలు అలకు కొట్టుకొచ్చి ఆటుపోట్ల గీత మీద చేరతాయి. ఆ గీత వెడల్పు ఎంత? మన వీధి అరుగంత. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి 28 కిలోమీటర్లు. ఈ పొడవంతా జనం నడుస్తారా? నడవరు. కళింగపట్నం, బారువ, అటు విజయనగరం వైపు చింతపల్లి, ఇలా నాలుగైదు చోట్లకే ఆటోలు, బస్సులు వెళ్తాయి. అందరూ దిగేది అక్కడే, ఏరేది ఆ అరుగంత మేరలోనే. కార్తీక పౌర్ణమి నాడు కళింగపట్నంలో జనం ఎలా ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. మనిషికి గుప్పెడు చొప్పున వేసుకోండి.

ఈ గుప్పెడు లెక్కను నిజంగానే లెక్కపెట్టినవాళ్ళున్నారు. స్పెయిన్‌లో సాలూ అనే ఊరి పక్కన ఒక బీచ్ ఉంది. 1978 నుంచి 1981 దాకా నెలనెలా అక్కడ చిప్పలు లెక్కపెట్టారు. మళ్ళీ 2008 నుంచి 2010 దాకా అదే చోట, అదే పద్ధతిలో లెక్కపెట్టారు. ఈ మధ్యకాలంలో ఆ ప్రాంతానికి వచ్చే యాత్రికులు దాదాపు మూడింతలయ్యారు. ఒడ్డున దొరికే చిప్పలు 60 శాతానికి పైగా తగ్గిపోయాయి. జనం ఎక్కువ వచ్చే నెలల్లో చిప్పలు ఇంకా తక్కువ. మిఖాయెల్ కొవలెవ్‌స్కీ అనే శాస్త్రవేత్త బృందం 2014లో దీన్ని ప్రచురించింది. ఏరడమొక్కటే కారణమని వాళ్ళు గట్టిగా తేల్చి చెప్పలేదు. రెండూ కలిసి నడిచాయన్నారు, అంతే. అయినా కొట్టిపారేసే లెక్క కాదది.

సరే, తగ్గితే ఏమవుతుంది? చచ్చిన జీవి పెంకు ఎవరికి కావాలి? మీ పాప అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు. కోనాడ ఒడ్డున పెద్దవల లాగుతున్న ఒక ముసలాయన దగ్గర దొరికింది. నాకప్పుడు పదేళ్ళుంటాయి. మంచి మెలికల శంఖమొకటి దొరికింది. పగుల్లేదు, చిల్లు లేదు. జేబులో వేసుకోబోతుంటే ఆయన చూసి, "ఒరే బాబూ, ఎవులింట్లో సొరబడతన్నావురా? ఇంటాయన బయటికొత్తాడు సూడు" అన్నాడు. అరచేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి ముందు రెండు మీసాలు, తర్వాత కాళ్ళు, ఒక డెక్క బయటికొచ్చాయి. నేను కెవ్వుమని కింద పడేశాను. అది ఆ శంఖాన్ని వీపున వేసుకుని నీళ్ళలోకి చకచకా వెళ్ళిపోయింది.

దాన్నే ఇంగ్లీషులో హెర్మిట్ క్రాబ్ అంటారు, సన్యాసి పీత అన్నమాట. పేరు పెట్టినవాడెవడో గానీ దాని బుద్ధులు చూడకుండా పెట్టాడు. ఇల్లు కోసం అది పడే యావ సంసారులక్కూడా ఉండదు. మామూలు పీతకు ఒళ్ళంతా గట్టి పెంకు ఉంటుంది. దీనికి ముందు భాగమే గట్టి. వెనక భాగం మెత్తగా, ఒక పక్కకు మెలిదిరిగి ఉంటుంది, శంఖం లోపలి మెలికలో సరిగ్గా అమరేటట్టు. పెంకు తయారుచేసుకునే శక్తి దానికి లేదు. ఎప్పుడో బతికి చచ్చిన నత్త వదిలేసిన గుల్లే దానికి ఇల్లు. అది లేకపోతే చేప నోట్లోకో, కొంగ నోట్లోకో పోవాల్సిందే.

ఇంకో బాధ ఏమిటంటే, పీత పెరుగుతుంది, గుల్ల పెరగదు. పిల్లలకు ఏడాదికో సైజు చెప్పులు కొన్నట్టు దానికి ఎప్పటికప్పుడు పెద్ద గుల్ల కావాలి. ఇక్కడ అవి చేసే పని చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒడ్డున ఒక పెద్ద ఖాళీ గుల్ల కనిపిస్తే, అది తనకు మరీ వదులైతే, పీత వెళ్ళిపోదు. పక్కనే కాచుకుని ఉంటుంది. ఇంకోటి వస్తుంది, మరోటి వస్తుంది. పెద్దదాని వెనక చిన్నది, దాని వెనక ఇంకా చిన్నది, రేషన్ షాపు దగ్గర వరసలా నిలబడతాయి. సరిపడా ఒళ్ళున్న పెద్ద పీత వచ్చి ఖాళీ గుల్లలో దూరిందా, అంతే! అది వదిలిన దాంట్లోకి రెండోది, రెండోది వదిలిన దాంట్లోకి మూడోది, క్షణాల్లో గొలుసుకట్టుగా అందరికీ ఇళ్ళు మారిపోతాయి. మన ఆఫీసుల్లో బదిలీలు కూడా ఇంత సాఫీగా జరగవు.

ఇప్పుడు ఆ మొదటి పెద్ద గుల్లను మనం జేబులో వేసుకున్నామనుకోండి. పోయింది ఒక్క ఇల్లు కాదు, ఆ వరసంతా ఎక్కడివాళ్ళక్కడ ఇరుకు గుల్లల్లో ఉండిపోతారు. ఇరుకు గుల్లలో ఉన్న పీత సరిగ్గా ఎదగదు, గుడ్లూ తక్కువ పెడుతుంది. గుల్లలు చాలని చోట అవి పగిలినవాటిలోనూ చిల్లులు పడ్డవాటిలోనూ సర్దుకుంటాయి. ఈమధ్య ఇంకో దారి పట్టాయి, సీసా మూతల్లో, ప్లాస్టిక్ ముక్కల్లో దూరుతున్నాయి. నేలమీద తిరిగే సన్యాసి పీతల్లో 16 జాతులుంటే 10 జాతులు ఇలా చెత్తను తొడుక్కుని తిరుగుతున్నట్టు ఫొటోలను బట్టి 2024లో లెక్క తేల్చారు. గుల్లలు దొరక్కే అలా చేస్తున్నాయా, ప్లాస్టిక్ తేలికగా ఉందని ఇష్టపడుతున్నాయా అన్నది వేరే చర్చ. చూడ్డానికి మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది.

పీతలొక్కటే కాదు. మునిగి ఉన్న పాత చిప్ప మీద నాచు పట్టుకుంటుంది, గొట్టం పురుగులు గూళ్ళు కట్టుకుంటాయి, పడవల అడుగున కనిపించే గరుకు గుల్లలు అతుక్కుంటాయి. చిన్న చేపలు చిప్పల చాటున గుడ్లు పెడతాయి. ఇండోనేషియా తీరంలో ఒక రకం ఆక్టోపస్ చిప్పలను, మనుషులు పారేసిన కొబ్బరి చిప్పలను మోసుకుంటూ తిరిగి, భయం వేసినప్పుడు రెండు చిప్పల మధ్య దూరి మూసేసుకుంటుంది. 2009లో దాని గురించి రాసినప్పుడు ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. కొబ్బరి తోటల మన ఉద్దానం వాళ్ళకు చెబితే, కొబ్బరి చిప్ప విలువ ఇప్పటికి తెలిసిందా అంటారేమో. ఇక ముత్యపు చిప్పల జాతివాటి పిల్లలు నీళ్ళలో తేలుతూ తిరిగి, కాలూనుకోవడానికి గట్టి చోటు వెతుక్కుంటాయి. వాటికి పాత చిప్పల కుప్పంత ఇష్టమైన చోటు లేదు. అందుకే అమెరికాలో కొన్ని తీరాల్లో హోటళ్ళలో తిని పారేసిన చిప్పలను బస్తాల్లో పోగుచేసి, ఎండబెట్టి, మళ్ళీ సముద్రంలో పోస్తున్నారు. వాళ్ళు డబ్బు ఖర్చుపెట్టి పోస్తుంటే మనం ఊరికే ఏరుకొస్తున్నాం.

చివరికి ఏ జీవికీ పనికిరాని ముక్కలు కూడా ఊరికే పోవు. గుల్ల అంటే సున్నమే కదా. పూర్వం గుల్లసున్నం కాల్చింది వీటితోనే, అత్తగారికి తెలిసే ఉంటుంది. జీవి బతికినన్నాళ్ళూ నీళ్ళలోని సున్నాన్ని లాగి పొర మీద పొరగా గుల్ల కట్టుకుంటుంది. చచ్చాక ఆ గుల్ల అరిగి, కరిగి ఆ సున్నం నీళ్ళకే చేరుతుంది. రేపటి చిప్పకు అదే ముడిసరుకు. మనం షోకేసులో పెట్టిన గుల్ల ఆ తిరగలి నుంచి బయటపడిపోయినట్టే.

ఇంతా చెప్పాక టీచరుగారి వాక్యం దగ్గరికి వస్తాను. ఏరితే సముద్రం చచ్చిపోతుందా? చచ్చిపోదు. పాపకు ఈ మాట స్పష్టంగా చెప్పండి. సముద్రాన్ని కుంగదీస్తున్నవి వేరే ఉన్నాయి. అడుగునంతా గీరుకుంటూ పోయే ట్రాలర్ వల ఒక్కపూటలో తిరగేసే బతికున్న చిప్పలెన్నో, మీ పాప జన్మంతా ఏరినా అన్ని ఏరలేదు. మనం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో (కార్బన్ డయాక్సైడ్) దాదాపు పావు వంతు సముద్రమే మింగుతోంది. దానివల్ల నీటి ఆమ్లగుణం పారిశ్రామిక విప్లవం ముందటికంటే దాదాపు 30 శాతం పెరిగింది. పులుపు తగిలిన సున్నం ఏమవుతుందో వంటింట్లో తెలిసిందే. చిన్న చిప్పలకు పెంకు కట్టుకోవడమే కష్టమవుతోంది. గవ్వలు ఏరడం వల్ల ఒడ్డు కోసుకుపోతుందని కూడా కొందరు అంటుంటారు. చిప్పల ముక్కలతోనే ఇసుక ఏర్పడే దీవుల్లో ఆ మాట చెల్లుతుంది. మన దగ్గర ఇసుక ఎక్కువగా వంశధార, నాగావళి కొండల నుంచి మోసుకొచ్చిందే. ఇక్కడ కోతకు మీ హార్లిక్స్ సీసాలను నిందించడం అన్యాయం.

అంటే మీ పాప చేసింది మహాపాపం కాదు, పూర్తిగా ఊసుపోక పని కూడా కాదు. ఏది ఏరాలో తెలిస్తే చాలు. ఇక్కడ మన తెలుగు సామెత తలకిందులవుతుంది.

పనికిరానివాణ్ణి చిల్లిగవ్వకు కొరగాడంటాం. గవ్వ డబ్బుగా చెల్లిన రోజుల మాట అది. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చిన గవ్వలతో మన పక్కనే ఒడిశాలో పందొమ్మిదో శతాబ్దం మొదటి దాకా పన్నులు కూడా కట్టేవారు. ఇంగ్లీషువాళ్ళు గవ్వలు వద్దు, రూపాయలే తెమ్మన్నందుకు పుట్టిన కష్టం కూడా 1817 నాటి పైకా తిరుగుబాటుకు ఒక కారణమంటారు. సరే, దారి తప్పుతున్నాను. ఒడ్డున చిప్పలు చూస్తున్నప్పుడు కొన్నింటి మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉండడం పాప గమనించే ఉంటుంది. అది ఎవరూ పొడిచింది కాదు. వేటాడే నత్త ఒకటుంది, చంద్రనత్త అనుకోండి. అది చిప్పను తన పాదం కింద అదిమిపట్టుకుని, ఆమ్లం లాంటి రసం పూస్తూ, ఆకురాయి లాంటి నాలుకతో గంటల తరబడి గీరి ఆ చిల్లు పెడుతుంది. దాంట్లోంచి లోపలి మాంసం తినేస్తుంది. చిల్లు అంచు లోపలికి ఏటవాలుగా, మేకు తల దిగేలా చెక్కినట్టు ఉంటే అది దీని పనే. ఒడ్డున దొరికే హత్యకేసు అన్నమాట, పాపకు భూతద్దం ఇచ్చి పంపండి.

ఆ చిల్లుపడ్డ గుల్లలు పీతలకు అంత పనికిరావు, నీళ్ళు కారిపోతాయి, శత్రువుకు సందు దొరుకుతుంది. రెండుగా విడిపోయిన చిప్ప పలకల్లోనూ అవి కాపురం పెట్టలేవు. ఇవి, అంచులు విరిగినవి, అలకు అరిగి నున్నబడ్డ రంగు ముక్కలు, ఇలాంటివి పాప నాలుగు తెచ్చుకోవచ్చు. చిల్లు ముందే ఉంది కాబట్టి దారం గుచ్చుకోవడం కూడా తేలిక. వదిలేయాల్సినవి పగలని మెలికల శంఖాలు, నత్తగుల్లలు, ముఖ్యంగా పెద్దవి. ఎంత ముద్దొచ్చినా ఫొటో తీసుకుని అక్కడే పెట్టి రావాలి. నాలుగంటే ఎన్ని అని పాప బేరమాడితే, ఒక గుప్పిట్లో పట్టేవన్నీ అని చెప్పండి. సీసా మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి, సీసా చేతిలో ఉంటే నింపబుద్ధవుతుంది.

బతికున్నదాన్ని ఎప్పుడూ తేకూడదు. నోటి దగ్గర గోరులాంటి మూత బిగుసుకుని ఉందంటే లోపల నత్త ఉన్నట్టే. రెండు పలకలూ గట్టిగా మూసుకుని బరువుగా ఉన్న చిప్పలో జీవముంది. అనుమానంగా ఉంటే నిలిచిన నీళ్ళలో పెట్టి, నేను కోనాడలో చేసినట్టు కదలకుండా కాసేపు చూడాలి. పెద్దవల లాగాక ఒడ్డున వదిలేసే చెత్తకుప్పలో ఇలాంటివి బోలెడుంటాయి. పిల్లలు అక్కడికే పరిగెడతారు. అందులో ఊపిరున్నవాటిని ఏరి నీళ్ళలోకి వదలడం మంచి ఆట. ఒక్క జాగ్రత్త: ఐస్‌క్రీం కోన్ ఆకారంలో, అందమైన గీతలున్న శంఖం కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు. ఆ జాతి నత్తలకు విషపు బాణం ఉంటుంది. వాటిలో కొన్నింటి కాటుకు మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. జేబులో వేసుకుంటే బట్టలోంచి కూడా పొడుస్తాయి.

ఇక మీ ఆడపడుచు ఆలోచన. ఆవిడకు నచ్చకపోయినా చెబుతాను, నాకు ఇబ్బంది ఉన్నది పాప సీసాలతో కాదు, ఆ 'ఇంకొన్ని కొని' అన్న మాటతోనే. అంగడిలో బస్తాలెక్కన అమ్మే గవ్వలు ఒడ్డున ఏరినవి అనుకుంటున్నారా? ఒడ్డున దొరికిన గవ్వను, అంగట్లో గవ్వను పక్కపక్కన పెట్టి చూడండి. ఒడ్డుది ఇసుకలో రాసుకుని, ఎండకు వెలిసి గరుకుగా ఉంటుంది. అంగట్లోది గాజులా మెరుస్తుంది. బతికున్నప్పుడు గవ్వ తన ఒంటి పొరను పైకి కప్పి పెంకును ఎప్పటికప్పుడు మెరుగు పెట్టుకుంటుంది. ఆ మెరుపు చెడకుండా చేతికొచ్చిందంటే దాన్ని చాలావరకు ప్రాణంతో పట్టి, ఉడికించో పాతిపెట్టో లోపలి జీవిని తీసేశారని అర్థం. ఒక్క తెరకు వందల గవ్వలు పడతాయి. పాప ఏరేది సముద్రం వదిలేసిన ఇళ్ళు. ఆ బస్తాలవి మనుషులుండగా ఖాళీ చేయించిన ఇళ్ళు.

చట్టం సంగతి కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 2001లో కొన్ని శంఖాలను, గవ్వలను, చిప్పలను చేర్చారు. కొమ్ముల శిరస్త్రాణం శంఖం, రాకాసి చిప్ప, నాటిలస్, ట్రైటన్ శంఖం లాంటివి వాటిలో ఉన్నాయి. ట్రైటన్ సంగతి చూడండి. పగడాలను తినేసే ముళ్ళ నక్షత్రచేప ఒకటుంది, దాన్ని తినే కొద్ది జీవుల్లో ఈ శంఖం నత్త ఒకటి. ఊదడానికి బాగుందని దీన్ని ఏరేస్తే ఆ ముళ్ళదానికి అడ్డు తగ్గుతుంది. ఏ గవ్వ ఏ జాతిదో తెలియకుండా టోకున కొని తెరలు కట్టి అమ్మితే ఎప్పుడో ఒకప్పుడు కేసు ఇంటికొస్తుంది. మీ ఆడపడుచుకు చేతిపని మీద మక్కువ ఉంటే కొబ్బరి చిప్పలతో చేయమనండి. ఉద్దానం పక్కన పెట్టుకుని గవ్వలు కొనడమేమిటి? అష్టాచమ్మాకు మాత్రం పాప సీసాలో నాలుగు గవ్వలుంటే ఉంచుకోండి, లేకపోతే చింతపిక్కలు ఒక పక్క అరగదీసుకున్నా పందెం బాగానే పడుతుంది.

అండమాన్ వస్తువుల దగ్గర నేను మెత్తగా మాట్లాడలేను. ఆ శంఖం ఏ జాతిదో చూడకుండా చెప్పలేను గానీ పగడం విషయంలో సందేహం లేదు. దీవుల్లో దిబ్బలు కట్టే పగడాలన్నీ రక్షిత జీవులే, ఎండిన ముక్కయినా సరే. విమానాశ్రయంలో సంచులు వెతికి లాక్కునేది అందుకే. మీవారు తెలియక తెచ్చారని మీరు రాయలేదు గానీ నేను అలాగే అనుకుంటున్నాను. దాన్ని ఎవరికీ అమ్మకండి, కానుకగా ఇవ్వకండి, వాట్సాప్‌లో పెట్టకండి. జిల్లా అటవీశాఖ ఆఫీసుకు తీసుకెళ్ళి అడిగి, వాళ్ళు చెప్పినట్టు అప్పగించండి. దాన్ని కళింగపట్నంలో పారేయడం మాత్రం వద్దు, అది ఆ నీళ్ళది కాదు.

ఆ మాట మీదే మీ చివరి ప్రశ్న. సీసాలను తిరిగి పోయాలా? పోసితీరాలనేమీ లేదు. కానీ పాపకు మనసు తేలికపడుతుందంటే మంచి పనే. ముందు ఇంట్లో అందరూ కూర్చుని మూడు సీసాలూ చాప మీద ఒంపండి. చిల్లులవీ, విరిగినవీ, విడి చిప్పలూ ఒక పక్క పెట్టండి, అవి పాపవే. పగలని శంఖాలు, నత్తగుల్లలు ఇంకో పక్కకు తీయండి. వాటిలో రంగు వేసినవి, వార్నిష్ పూసినవి, జిగురు అంటినవి, వేరే ఊళ్ళ నుంచి వచ్చినవి పక్కన పెట్టేయండి. కళింగపట్నంలో ఏరినవే మళ్ళీ కళింగపట్నం వెళ్ళాలి. మిగిలినవాటిని సబ్బు పెట్టకుండా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఈసారి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళండి. అన్నీ ఒకే కుప్పగా గుమ్మరించకండి. ఆటు సమయంలో, నీళ్ళు తగ్గినప్పుడు, వంశధార మొగ వైపు జనం తక్కువున్న చోట తడి ఇసుక మీద అక్కడొకటి ఇక్కడొకటి పెడుతూ నడవండి. చీకటి పడ్డాక టార్చిలు పట్టుకుని వెళ్ళకండి, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. అప్పుడు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తాబేళ్ళు వెలుగుకు బెదిరి వెనక్కి పోతాయి.

పెట్టిన చోటే పాపను కాసేపు కూచోనివ్వండి. అదృష్టం బాగుంటే పీతల వరస కట్టడం కూడా చూస్తుంది. అత్తగారిని కూడా తీసుకెళ్ళండి, ఆవిడ చేత బెల్లం గవ్వలు చేయించుకుని మరీ. వచ్చేటప్పుడు ఖాళీ హార్లిక్స్ సీసాలను మూతలతో సహా ఇంటికి పట్టుకొచ్చేయండి. మూత ఒక్కటి ఇసుకలో పడిపోయినా ఏదో ఒక పీత ఇల్లనుకుని దూరుతుంది.